సోంపు వాసన

కోసపాళయంలో తాగుడు మానినవాళ్లు కలిసి ఉండే ఇంట్లో, భోజనానికి ముందు ఒకరి ముఖాన ఒకరు ఊదాలి. మందు వాసన వచ్చినవాణ్ణి మర్నాడంతా ఒంటరిగా వదలరు.

వాళ్లలో చెంగల్రాయన్ ముక్కు మామూలుది కాదు. ఎక్కడో సముద్రం ఒడ్డున కురుచికుప్పంలో చేపల పులుసు కాగుతుంటే ఉప్పు తగ్గిందని ఇక్కడినుంచే చెప్పేస్తాడు. ఒక రాత్రి ఆ ముక్కుకే, అదే ఇంట్లో ఉండే తిరుమలై ఊపిరిలో బ్రాందీ తగిలింది. తిరుమలై కళ్లతోనే బతిమాలాడు.

"ఏంది మామా వాసన?" అన్నారు మిగతావాళ్లు.

"సోంపురా," అన్నాడు చెంగల్రాయన్.

మర్నాడు తిరుమలై ఒంటరిగా వెళ్లి పీకలదాకా తాగి, మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఆసుపత్రిలో చెంగల్రాయన్ తలెత్తలేకపోయాడు. "నా అబద్ధమే నిన్ను తోసిందిరా."

"నిజం చెప్పుంటే నిన్ను తిట్టుంటా మామా. కాలన్నా మిగిలుండేది."

చెంగల్రాయన్ మంచం మీదికి వంగాడు. "ఊదరా."

తిరుమలై ఊదాడు.

"బ్రాందీ! ఇంకా ఉంది," అన్నాడు చెంగల్రాయన్, వార్డంతా వినబడేలా. ఆ పూట మంచం పక్కనుంచి కదల్లేదు.