వేడి కాదు అది

తొంభైల చివర్లో, విత్తనం శనక్కాయలు వలిచే రోజుల్లో, ముట్లాగిపోయి ఏళ్లయిన మా అత్తకు మళ్లీ నెత్తురు కనబడింది. "ఎండలో తిరిగినా కదా, వేడి చేసింటాది" అని మెంతులు నానబెట్టుకుని తాగింది. కాయలు వలిచే ఆడవాళ్లంతా అవునన్నారు. మా ఊళ్లో ఆడదాని ఏ రోగానికైనా పేరు వేడే!

నాకు ఒళ్లు మండింది. ఆ మెంతులు పారబోసి, అత్తను అనంతపురం బస్సెక్కించాను. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ ఇప్పుడిప్పుడే మొదలైందని, తొందరగా వచ్చినందువల్ల నయమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేశారు. అత్త కోలుకుంది.

మరుసటి ఏడు తొలి వాన పడగానే ఆడవాళ్లు మళ్లీ కాయలు వలవడానికి మా ఇంటికి వచ్చారు. అత్త పోయి కాయల మూటల మీద కూర్చుంది. "ముందు పోయి, నాకు చేసినట్ల గర్భసంచి మూతి పరీక్ష చేయించుకోండి. నొప్పీ గిప్పీ లేకున్నా చేయించుకోవల్లంట. అందాక ఒక్క కాయ ముట్టనీను."

"విత్తే అదను పోతాందే!" అని మామ అరిచాడు.

"అదను పోతే వచ్చే ఏడు వస్తాది. వీళ్లు పోతే వస్తారా? ట్రాక్టరు తీయప్పా" అని అత్త మామతో అంది.

అందరినీ ఎక్కించుకుని ఆసుపత్రికి ట్రాక్టరు తోలింది మామే.