కిండర్‌హుక్ సమాధుల కాపరి

టూనిస్ వాస్‌బర్గ్ మాట తక్కువ మనిషి. కిండర్‌హుక్ శ్మశానంలో ముప్పై ఎనిమిదేళ్లు గోతులు తవ్వాడు, గడ్డి కోశాడు, చలికాలమంతా దారుల మీద మంచు ఎత్తిపోశాడు. అతని పేరు చెబితే ఊరివాళ్లకు ముందు ఆ పార గుర్తొచ్చేది, ముఖం తర్వాత.

దేశానికి ఎనిమిదో అధ్యక్షుడైన మార్టిన్ వాన్ బ్యూరెన్ సమాధి ఆ శ్మశానంలోనే ఉంది. ఇదే ఊళ్లో పూటకూళ్ల ఇల్లు నడిపినాయన కొడుకు. ఇంట్లో డచ్చి మాట్లాడుతూ పెరిగి, ఇంగ్లిషు తర్వాత నేర్చి, అంత పదవికెక్కాడు. ఒక్క దఫా పాలించాడు. రెండోసారి ఓడిపోయి ఊరికొచ్చి బంగాళాదుంపలు, క్యాబేజీ పండించుకున్నాడు. టూనిస్ నాయనమ్మ కూడా డచ్చిలోనే ప్రార్థన చేసుకునేది. అందుకేనేమో, అధ్యక్షుడంటే అతనికి చుట్టరికం ఉన్న పెద్దాయన లాగే అనిపించేది.

మధ్యాహ్నం అన్నం తెచ్చే భార్య అలీడా దీనికే ఆటపట్టించేది.

"ఏమయ్యా, బతికున్న నాతో కంటే ఆ పోయినాయనతోనే ఎక్కువ మాట్లాడతావు."

"ఆయన ఎదురు చెప్పడుగా."

"అందుకే ఓడిపోయాడు" అనేది ఆమె, బఠానీ సూపు గిన్నెలో పోస్తూ.

అలీడా 1957 జనవరిలో న్యుమోనియాతో పోయింది. అప్పటికామెకు ముప్పై ఆరేళ్లు. పిల్లల్లేరు. ఆ చలికి నేల మూడడుగుల లోతు దాకా రాయైపోయింది, గొయ్యి తవ్వే వీల్లేదు. అలాంటి రోజుల్లో పోయినవాళ్ల శవపెట్టెలను గేటు పక్కనున్న రాతిగదిలో ఉంచి, మంచు కరిగాక పాతిపెడతారు. పదకొండు వారాలు టూనిస్ పొద్దునా సాయంత్రం ఆ తలుపు ముందునుంచే పనికి వెళ్లాడు, వచ్చాడు. తలుపు ముందు మంచు మాత్రం పేరుకోనివ్వలేదు. ఏప్రిల్‌లో గొయ్యి తానే తవ్వాడు. సాయం వస్తామన్నవాళ్లను వద్దన్నాడు.

ఆ తర్వాత అలీడా పేరు అతని నోట రాలేదు. ఎవరైనా ఆమె మాటెత్తితే టోపీ సర్దుకుని పనిలో పడేవాడు. క్రిస్మస్‌కు భోజనానికి రమ్మని ఇరుగుపొరుగు నాలుగైదేళ్లు పిలిచారు. అతను వెళ్లడు, పిలిచినవాళ్లకు ఇబ్బంది. చివరికి పిలవడం మానేశారు.

ఏటా డిసెంబరు ఐదున మాత్రం అతని చుట్టూ మనుషులుండేవారు. అది పెద్దాయన వాన్ బ్యూరెన్ పుట్టినరోజు. అప్పుడు గద్దె మీదున్న అధ్యక్షుడి పేరున ఒక పూలచక్రం వచ్చేది. సైనికాధికారి ఒకరు దాన్ని సమాధిస్తంభం ముందు పెట్టి సెల్యూట్ చేసేవాడు. టూనిస్ తెల్లవారుతూనే వచ్చి గేటు నుంచి స్తంభం దాకా దారి చేసి, దూరంగా నిలబడేవాడు. తర్వాత ఎవరైనా అడిగితే పెద్దాయన కథ చెప్పేవాడు. ఓకే అనే మాట ఊరూరా పాకింది ఈయన ఎన్నికల్లోనేననీ, ఈయన్ని ఓల్డ్ కిండర్‌హుక్, పొట్టిగా ఓ.కే., అనేవారనీ చెబితే అందరూ నవ్వేవారు. ఏడాది మొత్తంలో అతను మనుషులతో అంతసేపు మాట్లాడేది ఆ రోజే.

1978లో కార్యక్రమం ముగిసి అందరూ కాఫీకని వెళ్లిపోయాక కూడా ఒక స్త్రీ స్తంభం దగ్గరే ఉండిపోయింది. యాభై దాటిన మనిషి, ఆ చలికి చాలని పలచటి కోటు.

"దూరం నుంచి వచ్చినట్టున్నారమ్మా" అన్నాడు టూనిస్.

"ఓక్లహోమా నుంచి. టాలెక్వా మాది. నా పేరు లొరీన్ క్రిటెండెన్. ఆల్బనీలో మేనకోడలి పెళ్లికొచ్చా. ఇంతదూరం వచ్చాక ఈయన్ని చూడకుండా పోబుద్ధి కాలేదు."

అతను సంతోషపడి ఓకే కథ చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"మేం చెరోకీలం పెద్దాయనా, ఈ నేల ఆదివాసులం. ఈయన పాలనలోనే, 1838లో, సైన్యం మావాళ్లను ఇళ్లలోంచి ఈడ్చి, నడిపించి ఓక్లహోమాకు తోలింది. పొయ్యి మీద మొక్కజొన్న గంజి ఉడుకుతుంటే ఉడుకుతున్నట్టే వదిలేసి రావాల్సొచ్చిందట. మా నానమ్మ వాళ్లమ్మకి అప్పుడు నాలుగేళ్లు. వాళ్లింకా దారిలోనే ఉన్నారు. ఈయన మాత్రం డిసెంబరులో కాంగ్రెసుకు రాశాడు, అందర్నీ పంపించేశాం, చాలా సంతోషం అని."

ఆ సంగతి టూనిస్ ఎక్కడో చదివాడు. ఎవరూ అడగలేదు, తను చెప్పలేదు.

"జనవరిలో ఆ పిల్ల తల్లి పోయింది. దారి పక్కనే పూడ్చారట. ఎక్కడో తెలీదు."

"జనవరిలోనా?" అన్నాడతను. "పార దిగదమ్మా అలాంటి నేలలో. పైపైన తవ్వి, ఏ రాళ్లో కప్పి ఉంటారు." అని, తనకు తెలియకుండానే గేటు వైపు చెయ్యి చూపించాడు. "మా ఆవిడ పెట్టె పదకొండు వారాలు ఆ గదిలో ఉండిపోయింది. తవ్వలేకపోయా."

"ఆవిడ పేరేంటి?"

అతను పార కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ పేరు నోట రాక ఇరవై ఒక్క ఏళ్లు.

"అలీడా" అన్నాడు. "మరి ఆ తల్లి పేరు?"

"మాకు తెలీదు. నాలుగేళ్ల పిల్లకు అమ్మా అని పిలవడమే తెలుసు గదా."

టూనిస్ స్తంభం మీద ఇంకో పేరు చూపించాడు.

"ఈమె హన్నా, ఈయన భార్య. ముప్పై అయిదేళ్లకే పోయింది. ఆ తర్వాత నలభై మూడేళ్లు ఈయన ఒంటరిగానే ఉన్నాడు. తన జీవితం గురించి లావుపాటి పుస్తకం రాసుకున్నాడు గానీ అందులో ఈమె పేరు ఒక్కచోటైనా లేదు. బాధకొద్దీ రాయలేదని నేను సర్దిచెప్పుకునేవాణ్ణి."

"బాధే కావచ్చు" అంది లొరీన్. "రాయకపోతే మాత్రం ఎవరికీ తెలియకుండా పోతుంది."

ఆమెను బస్సు దాకా సాగనంపాడు. ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని అలీడా పేరు మళ్లీ అనబోయాడు. వినేవాళ్లు లేని ఇంట్లో ఆ మాట పైకి రాలేదు.

మరుసటి ఏడాది పుట్టినరోజు నాడు ఓకే కథ అయ్యాక టూనిస్ ఆగలేదు. చెరోకీల సంగతి, పేరు తెలియని ఆ తల్లి సంగతి కూడా చెప్పాడు. ఊరి పెద్దల్లో ఒకరైన వెండెల్ ప్రూయిన్ అనే రిటైరైన లాయరు అతన్ని పక్కకు పిలిచాడు.

"పుట్టినరోజు పూట ఇదేం మాటయ్యా టూనిస్?"

"నిజం కాదాండీ?"

"నిజం కాదని ఎవరన్నారు? ఇవాళే చెప్పాలా అంటున్నా."

"జనం వచ్చేది ఇవాళేగదండీ."

ఆ ఏడాది నుంచి కార్యక్రమం అయ్యాక అతని దగ్గర ఆగేవాళ్లు తగ్గారు. అయినా ఆగినవాళ్లకు, ఒక్కరున్నా సరే, రెండూ చెప్పేవాడు. పెద్దాయన మీద అభిమానం పోలేదు. దారి ఎప్పటిలాగే శుభ్రంగా చేసేవాడు. కాకపోతే స్తంభంతో మాట్లాడటం మానేశాడు. మధ్యాహ్నం అన్నం అలీడా సమాధి దగ్గర తినడం మొదలుపెట్టాడు.

లొరీన్ ఏటా క్రిస్మస్‌కు ఒక కార్డు రాసేది. అతను రెండు వాక్యాల జవాబు రాసేవాడు. ఒక వాక్యం మంచు ఎంత పడిందో, ఇంకోటి అలీడా గురించి: ఆమెకు పాట పాడటం బొత్తిగా వచ్చేది కాదని ఒకసారి, ఆపిల్ చెట్టెక్కి దిగలేకపోయిందని ఒకసారి. ఇంకెవరికీ అవి చెప్పలేదు.

1984లో మోకాళ్లు సహకరించక పని వదిలేశాడు. మూడేళ్ల తర్వాత ఆగస్టులో, వరండాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పాతిపెట్టేటప్పుడు నలుగురున్నారు, అందులో ఒకడు గొయ్యి తవ్వినవాడు. నేల మెత్తగా ఉంది, ఆ మధ్యాహ్నమే పని అయిపోయింది.

డిసెంబరులో లొరీన్ కార్డు వచ్చింది. తీసుకునేవాళ్లు లేరని పోస్టాఫీసువాళ్లు తిప్పి పంపేశారు.