రాజయ్య కోసం ఒక్క షిఫ్టు

మొన్న జెండా పండుగ నాడు మా గోదావరిఖని కాలనీ పార్కులో అమర జవాన్ల పేర్లు చదువుతుంటే మైకు కీచుమని అరిచింది. ఆ రొదలోనే ఒక కాంట్రాక్టు కార్మికుడు లేచి, పోయిన వారం గనిలో చనిపోయిన తన జతగాడి పేరు కూడా చదవమన్నాడు. "దేశం పండుగల ఇవేం మాటలు, ద్రోహిలెక్క" అని నలుగురు కసిరారు. మోకాళ్లు సహకరించకపోయినా నేనూ లేచాను. ఆ పేరు చదివేదాకా కూర్చోలేదు. ముసలాయనకు చాదస్తం పట్టిందనుకున్నారేమో, అనుకోనీ. నాకీ మొండితనం ఏసుదాసు కాక దగ్గర అంటింది.

కాక మా గనిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే పక్క లైను క్వార్టర్లదాకా వినిపించేది. నేను కొత్తగా చేరిన ట్రామర్‌ని, బొగ్గు నింపిన టబ్బులు తోసేవాణ్ణి. బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతున్న చలికాలం అది. చాయ్ హోటల్లో రేడియో చుట్టూ మూగి వార్తలు వినేవాళ్లం. టబ్బుకు నా భుజం ఆనించి దేశాన్నే ముందుకు తోస్తున్నట్టు నాకొక గర్వం ఉండేది. ఆ గర్వాన్ని నేనిప్పుడు కూడా వెక్కిరించను.

అప్పుడే కమాన్‌పూర్ దిక్కు నుంచి వచ్చి పనిచేసే రాజయ్య మీద ఒక రాత్రి షిఫ్టులో బండ పడి ప్రాణం పోయింది. గనిలో మనిషి పోతే ఆ తర్వాతి షిఫ్టుకు ఎవరూ దిగకూడదన్నది మా దగ్గర రివాజు. దవాఖాన నుంచి శవాన్ని తెచ్చుకుని, అందరూ కలిసి సాగనంపాలి. నీళ్లు నిండకుండా పంపుల దగ్గరివాళ్లు మాత్రం దిగుతారు. మరునాడు పొద్దున గేటు దగ్గర మేనేజరు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "సరిహద్దులో జవాన్లు ప్రాణాలిస్తున్నారు. ఒక్కడు పోయాడని మీరు పని ఆపితే అది శత్రువుకు సాయం చేసినట్టే. అది ద్రోహం" అన్నాడు. అందరి తలలూ వంగిపోయాయి. కాక ఒక్కడే తల ఎత్తాడు.

"సారూ, జవాను సస్తె మీరు టోపి తీస్తరు. మా రాజయ్య సస్తె మేం ఒక్క షిఫ్టు బందు పెడ్తం. గంతే. రాజయ్యది ఈ దేశం కాదా?"

మేనేజరు ఆయన పేరు రాసుకొమ్మని పక్కనున్న గుమస్తాకు సైగ చేశాడు. అప్పుడు నేను ముందుకొచ్చి "నేను దిగుత" అన్నాను. జవాన్లకు బొగ్గు కావాలని నిజంగానే నమ్మాను. ఎవరో "చెంచాగాడా, ద్రోహి" అంటూ నా కాలరు పట్టుకున్నారు. కాక మధ్యలోకి వచ్చి ఆ చెయ్యి తీయించాడు.

"సారు మనల్ని ద్రోహులన్నడు. మనం ఈ పోరన్ని గదే అంటిమి. ఇగ ఆయనకు మనకు ఫరక్ ఏముంది? వాని మాట వాడు చెప్పిండు. తొవ్వ ఇడువుండ్రి."

నన్ను దిగేముందు దీపాలు తీసుకునే గది దాకా తనే తీసుకెళ్లాడు. "మల్లేశా, నువ్వు చేసేది తప్పు. పైలంగ దిగు" అన్నాడు. పంపులవాళ్లతో కలిసి దిగాను. దిగి దేశానికి ఒరగబెట్టింది ఏమీ లేదు. నింపేవాడు లేకపోతే తోసేవాడేం తోస్తాడు? ఖాళీ టబ్బు పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేసి పైకి వచ్చాను.

కాకను సస్పెండ్ చేశారు. యుద్ధానికి వ్యతిరేకంగా కార్మికులను రెచ్చగొట్టాడని నేరం మోపారు. అది రుజువైతే ఉద్యోగమే పోతుంది. దిగినవాణ్ణి కాబట్టి సాక్షిగా నన్నే పిలిచారు. విచారణ అధికారి కుర్చీ చూపించి ఎంతో మర్యాదగా అడిగాడు. "అతను దేశానికి వ్యతిరేకంగా మాట్లాడాడు కదా?"

"లేదు సార్. రాజయ్య గురించి మాట్లాడిండు. నన్ను కొట్టబోతె ఆపిండు."

"నువ్వు దేశం వైపా, అతని వైపా?"

"దేశం దిక్కే సార్. అందుకే అబద్ధం చెప్ప."

ఆయన మర్యాద అక్కడితో అయిపోయింది. కాక ఉద్యోగం నిలబడింది కానీ గోదావరి అవతల, మంచిర్యాల దాటి ఇంకో గనికి బదిలీ చేశారు. సామాను కట్టుకుంటున్న రోజు వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. సాక్ష్యం చెప్పినందుకు మెచ్చుకుంటాడని లోపల ఆశ ఉంది. కాక స్టూలు ముందుకు జరిపాడు.

"నిజం చెప్పినవు, మంచిగ చేసినవు. గని దిగుడు మాత్రం తప్పే."

"కాదు కాకా. బొగ్గు కావాలె గద."

"సరే, కాదను. చాయ్ తాగు."

తర్వాత నేనూ యూనియన్‌లో తిరిగాను. ఏళ్ల తరబడి గేటు మీటింగులు నడిపాను. అందరూ ఒక్కమాట మీద చేతులెత్తిన ప్రతిసారీ ఎత్తనివాడెక్కడున్నాడా అని వెతికాను. వాడు మాట్లాడేదాకా తీర్మానం చదవనివ్వలేదు. మావాళ్లే నన్ను తిట్టారు, యాజమాన్యమూ తిట్టింది. తిట్టనీ. కాక పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు దిగడం తప్పా కాదా అన్న పేచీ మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు. ఆయన లేడు కదా అని నేను గెలిచానని చెప్పుకోను. ఓడిపోయానని కూడా ఒప్పుకోను.