రాజనర్సయ్యకు అభ్యంతరం ఉన్నది

రాజనర్సయ్యకు అభ్యంతరం లేని విషయం అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య ఇంతవరకూ పుట్టలేదు. వార్డు సభలో మైకు అందిందా, అభ్యంతరం. అందలేదా, అందనందుకు అభ్యంతరం.

కొత్తగా వచ్చిన వార్డు అధికారి ఉదయలక్ష్మికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి సభలో ఆమె "అందరికీ నమస్కారం" అనగానే మూడో వరుసలోంచి ఒక చెయ్యి లేచింది.

"మేడం, నాకు అభ్యంతరం ఉన్నది."

ఆమె కాగితాల్లోంచి తలెత్తింది. "నమస్కారానికా అండీ?"

"నమస్కారానికి కాదు. నోటీసుల పదిన్నర అని రాసిండ్రు. గిప్పుడు పది ఇరవై ఐదే. వచ్చేటోళ్లు ఇంకా తొవ్వల ఉంటరు గదా!"

ఐదు నిమిషాలు ఆమె బిక్కమొహం వేసుకుని నిలబడే ఉంది.

ఆ రోజు పార్కు బెంచీలకు ఆకుపచ్చ రంగన్నారు. "గడ్డి పచ్చగ, బెంచీ పచ్చగ! చూపు ఆనని ముసలోళ్లు తగిలి పడరా?" అని లేచాడు రాజనర్సయ్య. వీధి దీపాలకని తనే అర్జీ పెట్టి, అది చర్చకు రాగానే మళ్లీ తనే లేచాడు.

"అర్జీ మీదే కదండీ!" అంది ఉదయలక్ష్మి, నోరు తెరిచి.

"నాదే. అయితే? ఒక్కరన్న అడ్డం అడగకుంట ఎట్ల ఒప్పుకుంటరు?"

సభ అయ్యాక అటెండరు పెంటయ్య టీ తెచ్చి ఓదార్చాడు. "ఫికర్ చేయకుండ్రి మేడం. గాయన మాసబ్ ట్యాంక్ దిక్కు ఆఫీసుల ముప్పై ఏండ్లు రికార్డు రూము చూసిండు. కాయితం మీద లేకుంటే ఆయనకు మనిషి సుత కనవడడు."

వార్డులో పని జరిగే పద్ధతి మాత్రం మహా సుఖంగా ఉండేది. ప్రతిపాదనను ఆఫీసు గోడకు వారం రోజులు అతికిస్తారు. ఎవరూ ఏమీ అనకపోతే జనమంతా ఒప్పుకున్నట్టే. అటు రానివాళ్లూ ఒప్పుకున్నట్టే, చదవడం రానివాళ్లూ ఒప్పుకున్నట్టే.

అలా ఒకసారి అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షుడు హనుమత్ప్రసాద్ గారి అర్జీ గోడెక్కింది. సందు మలుపులో ఉన్న ఖాళీ జాగాలో కార్ల పార్కింగ్ కావాలట. మ్యాపులో అది నిజంగానే ఖాళీ. కానీ అక్కడ పద్నాలుగేళ్లుగా సీతాబాయి ఇస్త్రీ బండి ఉంది. రోజూ బోరబండ నుంచి వచ్చి బొగ్గులు రాజేసుకుంటుంది. ఆ బండే ఆమె ఇంటికి ఆధారం. ఉదయలక్ష్మి నేత చీరలన్నీ ఆ ఇస్త్రీ పెట్టె కింద సాపైనవే. పాపం అనిపించింది గానీ, ఫైల్లో లేని మనిషిని ఆమె మాత్రం ఎలా కాపాడుతుంది? ఒక్కటే ఆశ, రాజనర్సయ్య. అన్నిటికీ లేచే మనిషి దీనికి లేవడా!

ఏడో రోజున ఆయన వచ్చి కాగితం ఇచ్చాడు. ఉదయలక్ష్మి సంబరంగా అందుకుని చదివింది. 'సదరు మలుపులో సీతాబాయి పద్నాలుగేండ్ల నుండి ఇస్త్రీ బండి నడుపుచున్నది. ఆ బండిపై నాకు అభ్యంతరం ఉన్నది.'

"ఏంటండీ ఇది! పార్కింగ్ మీద కాదా?"

"బండి మీదనే. ముద్ర ఏసి నకలు ఇయ్యుండ్రి."

"ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని వచ్చి ఆవిడ మీదే రాశారా?"

"చొక్కా వేరు, కాయితం వేరు మేడం," అని నకలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంత నిర్దయ మనిషా అనుకుంది ఆమె.

ఒక మనిషి మీద అభ్యంతరం వస్తే ఆ మనిషిని పేరుపెట్టి పిలిచి వినాలని రూలు. పెంటయ్య నోటీసు పట్టుకెళితే సీతాబాయి నిర్ఘాంతపోయిందట. "సారు నా మీద రాసిండా? నిన్ననే గదా ఆయన అంగీలకు గంజి పెట్టిన!"

విచారణ రోజున ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక నిలబడింది. హనుమత్ప్రసాద్ గారు మ్యాపు పరిచారు. "చూడండి మేడమ్ గారూ, అది ఖాళీ స్థలమండీ."

మూడో వరుసలో చెయ్యి లేచింది. "అభ్యంతరం! ఖాళీ జాగకు వార్డు ఆఫీసు నోటీసు ఎట్ల పంపింది? ఎవరు తీసుకున్నరు?"

ఉదయలక్ష్మి గబగబా ఫైలు తిప్పింది. పద్నాలుగేళ్ల సంగతి రాసిన అభ్యంతరం, దాని మీద ఆఫీసు ముద్ర. నోటీసు మీద సీతాబాయి పేరు, సందు మలుపు చిరునామా, అందుకున్నట్టు కింద ఆమె వేలిముద్ర. మ్యాపులో లేని మనిషి ఫైల్లో బండితో సహా నిలబడి ఉంది! ఉదయలక్ష్మి ఆ పేజీని హనుమత్ప్రసాద్ గారి వైపు తిప్పింది.

హనుమత్ప్రసాద్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా బట్టలూ ఆవిడ దగ్గరకే వెళతాయండీ. మ్యాపు చూశాంగానీ మనిషిని చూళ్లేదు. పార్కింగ్ ఇంకోచోట చూసుకుంటాం."

"నా అభ్యంతరం సుత వాపస్," అన్నాడు రాజనర్సయ్య.

"ముందుగాల జర నాకన్న చెప్పొద్దా సారూ? మూడొద్దుల సంది బువ్వ సయిస్తలేదు!" అంది సీతాబాయి.

"చెప్తే నవ్వుకుంట వస్తవు. అందరికీ అనుమానమొస్తది."

బండి అక్కడే ఉండవచ్చని తీర్మానం చదివి ఉదయలక్ష్మి అలవాటుగా అడిగింది: "ఎవరికైనా అభ్యంతరమా?"

మూడో వరుసలో చెయ్యి లేచింది. సభంతా బిత్తరపోయింది.

"ఉన్నది, రాసుకోండ్రి," అని రాజనర్సయ్య వెనక్కి తిరిగి చొక్కా కాలరు చూపించాడు. ఇస్త్రీ పెట్టె మొన అంత గోధుమరంగు మచ్చ. "మూడు దినాల సంది ఒక్కొక్క అంగీ కాలరు మాడగొడుతున్నది."

సీతాబాయి నోటికి అడ్డంగా ఉన్న కొంగు తీసింది. "గది నిజమే మేడం. కావాల్ననే మాడగొట్టిన, రాసుకోండ్రి."

ఉదయలక్ష్మి పగలబడి నవ్వుతూనే రాసుకుంది.