ఇంకా బరువు కుదరలేదు

లింగరాజు చేతికి ఏ వస్తువు ఇచ్చినా అది ఏమిటని చూడడు. ముందు ఎంత బరువుందో, వెనక ఎంత బరువుందో చూస్తాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి, ఒక కన్ను మూసి, "తల తేలిక" అనో "తల బరువు" అనో తీర్పు చెప్పాకే తిరిగి ఇస్తాడు. గొడుగైనా అంతే, చీపురుకట్టయినా అంతే. పెళ్ళిచూపులనాడు చిన్నతల్లి సిగ్గుతో వంగి పలహారాల పళ్ళెం అందిస్తే, "పళ్ళెం ఎడం పక్కకి వాలిపోతంది, రెండు జంతికలు ఇటు జరుపు" అన్నాడు. పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. చిన్నతల్లి ఈనాటికీ ఆయనకి జంతికలు చెయ్యలేదు.

రంగూన్‌లో, తాకేటా పేటలో ఆయనకి సైక్కాలు బాగుచేసే షెడ్డు ఉంది. సైక్కా అంటే పక్కన సీటు కట్టిన సైకిలు రిక్షా. అది పొట్టకూటికి. ప్రాణం మాత్రం బాణాల మీద. చిన్ కొండల్లో ఊ థాంగ్ అని ఆయన స్నేహితుడొకడు, చెక్కవిల్లుతో అడవిపందుల్ని వేటాడే మనిషి. అతనికి థాయిలాండ్ వైపు నుంచి బాణాలకి కార్బన్ కాడలు వస్తాయి. కాడ కొనకి గుచ్చే ఉక్కు ములుకులు వాళ్ళ ఊరి కమ్మరి చేసి ఇస్తాడు. ఏ కాడకి ఎంత బరువు ములికి పెట్టాలో తేల్చేది మాత్రం లింగరాజు. కంసాలి త్రాసులో గురివింద గింజలు పోసి తూచడం, ఆకురాయితో ఇంత అరగదియ్యడం, మళ్ళీ తూచడం. ఒక్క బాణానికి ఒక పూట పట్టేది.

"ఏదో ఒకటి గుచ్చీసి పంపీరాదా? పందేటైనా తూకం అడుగుతాదా?" అనేది చిన్నతల్లి.

"పంది అడగదే, బాణం అడుగుద్ది. తల బరువెక్కువైతే కాడ వొంగిపోయి ఊగులాడుకుంటా పోద్ది. తక్కువైతే బిర్రబిగుసుకుని పక్కకి తన్నుకుపోద్ది. సరిగ్గా కుదిరితేనే తిన్నగెల్తాది. తిన్నగెల్తే పందికి బాధుండదు."

ఇంత చెప్పే మనిషి జన్మలో ఒక్క జంతువుని కొట్టలేదు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే తలుపు తీసి పట్టుకుని, అది గడప దాటి వెళ్ళేదాకా నిలబడతాడు.

సైన్యం గద్దెనెక్కిన ఏడాది ఈ వైభవమంతా ఆగిపోయింది. ఫోన్లు మూగబోయాయి. కొండలకి పోయే బస్సులు నిలిచిపోయాయి. ఊ థాంగ్‌కి పంపాల్సిన ఆరు బాణాలు ఇంట్లోనే ఉండిపోయాయి. వీధి చివర వంతెన దగ్గర, సైన్యం రాకుండా కుర్రాళ్ళు ఇసక బస్తాలు పేర్చారు. ఎటు చూసినా పుకార్లే, ఎవరు పరిగెత్తినా అందరూ పరిగెత్తడమే. చిన్నతల్లి పొయ్యి మీద కూర పెట్టి గుమ్మంలోకి, గుమ్మంలోంచి పొయ్యి దగ్గరికి తిరుగుతూనే ఉండేది. రోజూ రెండు కూరల్లో ఒకటి మాడేది.

రాత్రి ఎనిమిదయితే ఊరంతా గిన్నెలు వాయించి నిరసన తెలిపేవారు. లింగరాజు కూడా వాయించేవాడు, కాకపోతే గిన్నెకి తగిన గరిటె దొరకాలి. ఇది తపేలాకి తేలిక, అది బరువు అంటూ వంటింట్లో వెతికి, ఆఖరికి సరైనది దొరికి ఒక్క దెబ్బ వేసేసరికి వీధంతా వాయించడం ఆపేసి ఉండేది. ఆ నిశ్శబ్దంలో ఈయన తపేలా ఒక్కటే ఖంగుమనేది.

"కో లింగా, నువ్వు ఎవరికి వాయిస్తున్నావు? దేవుడికా, లారీలో తిరిగే సైనికులకా?" అని పక్కింటావిడ డో ఖిన్ టే, అన్న వరసలో ‘కో’ చేర్చి, బర్మా భాషలో కేకలేసేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, చిన్నతల్లి మేనల్లుడు బలరాం మావయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడి నాన్న తన్లిన్ రేవులో పనిచేస్తాడు. వీడు తాకేటాలో ఫోన్లు బాగుచేసే కొట్లో పని నేర్చుకుంటూ అత్త ఇంట్లోనే ఉంటున్నాడు. ఇప్పుడు తండ్రి ఏటికి అవతల, కొడుకు ఇవతల. మధ్యలో బాధ్యతంతా చిన్నతల్లి నెత్తిన పడింది.

"మావా, ఆ ఆరు బాణాలూ నాకియ్యి. వొంతెన కాడ మా వోళ్ళం కాపలా ఉంటన్నాం. వొట్టి సేతుల్తో ఎలాగుండమంటావు?"

చిన్నతల్లి పొయ్యి దగ్గర్నించి పరిగెత్తుకొచ్చింది. "ఒరే, ఆళ్ళకి తుపాకులున్నాయిరా!"

"అందుకే గదత్తా బాణాలు అడగతన్నాను."

లింగరాజు వాడిని కిందనించి పైదాకా చూశాడు. "ఇస్తాను. అయితే ఇంకా బరువు కుదరలేదు" అన్నాడు.

వాడటు వెళ్ళగానే చిన్నతల్లి మొగుడి మీద విరుచుకుపడింది. "నీకు బుద్ధుందా? ఆ గుంటడికి బాణాలిస్తానంటావేటి? రేపు మా అన్నయ్యకి నానేటి సెప్పాలి?"

"కుదిరితేనే గదే ఇచ్చేది" అన్నాడాయన, త్రాసు తుడుచుకుంటూ. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇల్లు తగలబడుతున్నా ఈ మనిషి నీళ్ళబిందె వేలి మీద నిలబెట్టి చూస్తాడనుకుంది.

బలరాంకి అంత ఓపిక ఎక్కడిది? "బరువులూ లేదు, గిరువులూ లేదు. బాణం బాణమే" అని మర్నాడే చిలక్కొయ్యకి ఉన్న, మావయ్య బాణాలు వేసి చూసుకునే విల్లు దించి, ఒక బాణం తీసుకుని పెరట్లో అరటి బోదె మీదకి వదిలాడు. బాణం కొంతదూరం పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళి, అరటి బోదెని అసలు పట్టించుకోకుండా గోడ దాటింది. అవతల దండెం మీద ఆరేసిన డో ఖిన్ టే మొగుడి లుంగీని పనసచెట్టుకి కుట్టేసింది. ఆవిడ పెట్టిన కేకకి వీధిలో కాపలా కుర్రాళ్ళు సైన్యం వచ్చేసిందనుకుని పారిపోయారు.

"సూసినావా? తల బరువు. నీ పక్కనున్నోడికే తగుల్తాది" అన్నాడు లింగరాజు శాంతంగా, బాణం పెరికి తెచ్చుకుని. ఆ రోజునించీ బలరాం నోరెత్తలేదు. బరువు కుదిరేదాకా ఆగుతానని ఒప్పుకున్నాడు.

ఇక మొదలైంది. వాడు వంతెన దగ్గరికి బయల్దేరే వేళకి సరిగ్గా లింగరాజు త్రాసు పెట్టేవాడు. "ఒరే, ముల్లు సూడు, నా కళ్ళు ఆనడం లేదు" అని వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఐదు ములుకులు సరిపోయేవి, ఆరోది కాస్త ఎక్కువ తూగేది. దాన్ని ఆకురాయితో రుద్దేవాడు. రుద్ది రుద్ది, "అరెరె, తేలికైపోయింది" అనేవాడు. అప్పుడు మిగతా ఐదింటినీ దాని బరువుకి దించాలి. ఆ ఐదింట్లో మళ్ళీ ఒకటి ఎక్కువ అరిగేది. బలరాం తల పట్టుకునేవాడు. అన్నం వేళయ్యేది, తినేవాడు. కర్ఫ్యూతో వీధులు మూసేసే వేళయ్యేది, పడుకునేవాడు.

చిన్నతల్లికి మాత్రం ఒకటే బెంగ, ఏదో ఒకరోజు బరువు కుదిరిపోతుందేమోనని. మొగుడు చూడకుండా రోజుకొక గురివింద గింజ తీసి గోడ కన్నంలో పడేసేది. ఇలాంటి పాపం ఆవిడ జన్మలో చెయ్యలేదు, చేస్తున్నప్పుడు చాలా బాగుండేది.

లింగరాజు చెయ్యి పోయింది, ఒక్క ములికీ సరిగ్గా తూచలేకపోతున్నాడని వీధిలో అప్పటికే పాకిపోయింది. టీ కొట్టులో నవ్వుకున్నారు. చిన్నతల్లికి అది మాత్రం నచ్చలేదు. మొగుణ్ణి వెక్కిరించే హక్కు తనొక్కదానిదే అనుకునే మనిషి ఆవిడ.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, లింగరాజు ములుకులు రుద్దుతూ, బలరాం త్రాసు ముల్లు చూస్తూ ఉండగా వంతెన వైపు నుంచి టపటపమని తుపాకుల మోత వినిపించింది. బలరాం లేచాడు. లింగరాజు వాడి మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు సైక్కా ఇరుసులు వంచే చేతిది. ఆ సాయంత్రానికి ఇసక బస్తాలు లేవు. వాడితో కాపలా కాసినవాళ్ళు కొందరు చాలాకాలం ఇళ్ళకి రాలేదు.

మర్నాడు పొద్దున్నే సైనికులు ఇంటింటికీ సోదాకొచ్చారు. అప్పుడు గుర్తొచ్చాయి చిన్నతల్లికి బాణాలు. చిలక్కొయ్య వైపు చూస్తే విల్లు అక్కడ లేదు, పెరట్లో దండెంలా రెండు తాళ్ళకి వేలాడుతోంది, దాని నిండా తన తడిబట్టలే. నల్లటి కార్బన్ కాడలు కుండీల్లో దిగేసి ఉన్నాయి, వాటి మీద బీరతీగ పాకుతోంది. ఈయన ఎప్పుడు చేశాడో ఆవిడకి తెలియదు.

ఒక సైనికుడు రేకుడబ్బా బోర్లించాడు. ఆరు ఉక్కు బొడిపెలు దొర్లాయి. "ఇవేమిటి?"

"చేపల వలకి కట్టే గుండ్లు, బాబూ," అన్నాడు లింగరాజు, బర్మా భాషలో. "చూడండి, వల బరువు అంచుకి ఎక్కువైతే మధ్యలో ముడుచుకుంటుంది. తక్కువైతే తేలిపోతుంది. ముందు తాడు లావెంతో చూడాలి. మీరొకసారి ఇలా కూర్చుంటే, తూచి చూపిస్తాను…"

సైనికుడు కూర్చోలేదు. వల గురించి ఇంకో నాలుగు మాటలు విని, అక్కడి నుంచి బయటపడితే చాలన్నట్టు గుమ్మం దాటాడు.

వాళ్ళు వీధి దాటాక చిన్నతల్లి నేలమీద కూలబడి ఆ బొడిపెలు ఏరింది. మొదట్లో కోడిగుడ్డంత పొడుగుండే ములుకులు ఇప్పుడు చొక్కా బొత్తాలంత అయ్యాయి. వీటితో కాకిని కూడా బెదరగొట్టలేరు. ఎందుకో ఒకటి త్రాసు ఈ పళ్ళెంలో, ఇంకోటి ఆ పళ్ళెంలో వేసింది. ముల్లు నిటారుగా నిలబడింది. మార్చి వేసింది. మళ్ళీ నిలబడింది. ఆరూ ఒక్క బరువే. చెయ్యి వణికే మనిషి పని కాదిది.

బలరాం కూడా చూశాడు. మొహం ఎర్రబడింది. "మావా! కావాలనే అరగదీసినావు!"

లింగరాజు బోర్లా పడ్డ రేకుడబ్బా తీసి నిలబెట్టాడు. "పందికైతే బరువు కట్టగల్ను రా. తుపాకీకి సరిపోయే ములికి నాకాడ నేదు. నీకు ‘వొద్దు’ అంటే ఇంటావా?"

వాడు కళ్ళు తుడుచుకున్నాడు గాని, కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

చిన్నతల్లికి మొగుడి మీద అంత ప్రేమ పొంగుకొచ్చి చాలా ఏళ్ళయింది. ఏం చెయ్యాలో తెలియక కసిరింది. "వీధంతా నీ సెయ్యి పోయిందని నవ్వతన్నారు. ఇప్పుడే ఎల్లి నిజం సెప్పీసొస్తాను."

లింగరాజు కంగారుగా లేచాడు. "ఒద్దే తల్లీ! నా సెయ్యి బాగుందని తెలిస్తే కొంప మునుగుద్ది. వెనక సందులో చంద్రరావు కొడుకులు, ఆళ్ళిద్దరూ ఎక్కడో ములుకులు సేయించుకున్నారంట. రేపొద్దున తెస్తారు, బరువు కట్టమని."

బలరాం మావయ్యనీ, త్రాసునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వంగి ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు.

"ఆళ్ళవి నానరగదీస్తాను మావా. నువ్వైతే మరీ సరిగ్గా సేసీసి దొరికిపోతావు."

చిన్నతల్లి వంటింట్లోకి వెళ్ళి, రేపటికి ఇంకో ఇద్దరికి బియ్యం సరిపోతుందో లేదో డబ్బా మూత తీసి చూసుకుంది.