ఇంజను అరలో తడి

రేవులో ఆయన్ని అందరూ పొడిమావయ్య అంటారు. ఆ పేరు ఆయన కోరి తెచ్చుకున్నదే. తన పడవ ఇంజను అరలో పేపరు పరుచుకుని పడుకోవచ్చని, చుక్క తడి కూడా అంటదని, ఎక్కిన ప్రతివాడికీ ఇరవై ఏళ్లుగా చెబుతూ వచ్చాడు మరి. చెప్పీ చెప్పీ అది ఆయన పేరైపోయింది.

పడవ చిన్నది. ఇరవై మంది సర్దుకుని కూర్చుంటే ఇరవై ఒకటోవాడు ఎవరో ఒకరి ఒళ్లో ఉన్నట్టే. ఉప్పునీటి పాయకి ఇవతల ఇళ్లు, అవతల ఆసుపత్రి, ఫ్యాక్టరీలు. రోడ్డు మీద చుట్టి వెళితే గంటన్నర, పడవలో పావుగంట. అందుకే ఆయన గొప్పలు కూడా జనం టిక్కెట్టులో భాగమనుకుని భరించేవారు.

ఎవరికీ తెలియని సంగతేమిటంటే, రెండేళ్లుగా ఆ అరలో నీళ్లు వస్తున్నాయి. రోజూ మొదటి ట్రిప్పుకి అరగంట ముందే వచ్చి, అటూ ఇటూ చూసి, చెక్కమూత ఎత్తి, ప్లాస్టిక్ డబ్బాతో తోడి పాయలో పోసేవాడు. మిగిలిన తడిని పాత చొక్కాలతో అద్ది, వాటిని సంచిలో కుక్కి ఇంటికి తెచ్చేవాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఉతికే మనిషి పట్టేస్తుంది. ఈ మధ్య మీ చెమట డీజిల్ వాసన వస్తోందేమిటని భార్య అడిగింది. వయసు, అన్నాడాయన.

ఏటా ఒకసారి రేవు ఆఫీసరు వచ్చి పడవ చూసి, పుస్తకంలో ముద్ర వేస్తాడు. ముద్ర లేకపోతే మనుషుల్ని ఎక్కించకూడదు. ఈసారి ఆ తనిఖీ గురువారం పడింది. పొడిమావయ్యకి యాభై ఎనిమిదేళ్లు. పడవ తప్ప మరో పని రాదు. ముద్ర పడకపోతే తనేమవుతాడో ఆలోచించడానికి కూడా ఆయనకి ధైర్యం చాలలేదు.

సరిగ్గా ఆ నెలలోనే నీళ్లు పెరిగాయి. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, అవతలి ఒడ్డు చేరేసరికి ఇంజను బెల్టు నీళ్లని అందుకుని అరంతా చిమ్మేది. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది. ఇంకేం, పాయ నీళ్లే, అడుగు చెక్కల సందుల్లోంచే వస్తున్నాయని తీర్మానించుకున్నాడు. పడవని రెండుసార్లు ఒడ్డుకి లాగించి, సందుల్లో తారు పూసిన దూది కొట్టాడు. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి.

ఇంజన్లు బాగుచేసే బావమరిది ఆ ఊళ్లోనే ఉన్నాడు. కానీ మాటల్లేక నాలుగేళ్లు. ఎవరింట్లోనో భోజనాల దగ్గర అతను మంచిగానే, ఓసారి నీ ఇంజను అర చూస్తానన్నాడు. నలుగురిలో పరువు పోతుందని, నువ్వు మిక్సీలు చూసుకో చాలు అనేశాడీయన. ఇప్పుడు ఆ నోటితోనే పిలవాలి. పిలవలేక రెండు రోజులు మథనపడ్డాడు. చివరికి భార్యే తమ్ముడికి ఫోన్ చేసింది. మీ బావ చెమట సంగతి ఓసారి చూడరా అని చెప్పిందట.

బావమరిది మంగళవారం మధ్యాహ్నం వచ్చాడు. ఏమీ ఎత్తిపొడవలేదు, అదే ఈయనకి మరీ కష్టంగా తోచింది. అర పొడిగా తుడిపించి, ఇంజను ఆపేసి, పడవని రేవుకి కట్టి కూర్చుందామన్నాడు. ఇద్దరూ గంటసేపు చెరో చివర కూర్చుని పాయని చూశారు. నాలుగేళ్లు మాట్లాడని మనుషులకి గంట మౌనం పెద్ద లెక్కేం కాదు గానీ, ఒకే పడవలో కూర్చుని మౌనంగా ఉండటం వేరు. మూత ఎత్తి చూస్తే అడుగున చెమ్మ తప్ప నీళ్లు లేవు.

అప్పుడు ఇంజను వేయించి, ఫోన్ లైటుతో లోపలికి వంగాడు. ఇంజను వేడెక్కకుండా పాయ నీళ్లు తాగించే రబ్బరు గొట్టం ఒకటుంది. దాని కింది వైపు, కంటికి ఆనని చోట, జానెడు పగులు. ఇంజను ఎంత తిరిగితే అంత ధార.

"ఉప్పగా ఉండక ఏం చేస్తాయి బావా, అదీ తాగేది ఈ నీళ్లేగా."

గొట్టం మార్చడం పావుగంట పని. రెండేళ్ల దొంగతనానికి పావుగంట మందు. పొడిమావయ్యకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. టీ తెప్పించాడు. మిక్సీల మాట మనసులో పెట్టుకోకన్నాడు. ఎప్పుడో మర్చిపోయానని బావమరిది అబద్ధమాడాడు.

టీ తాగి, పోతూ పోతూ ఇంజను బోల్టులు బిగిద్దామని వంగాడు బావమరిది. మొదటి బోల్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, బిగియడం లేదు. స్క్రూడ్రైవరు తీసి, ఇంజనుని మోస్తున్న దూలం మీద ఆనించి నొక్కాడు. వెన్నముద్దలోకి దిగినట్టు పిడిదాకా దిగింది. రెండో దూలమూ అంతే.

పైన పటారం, లోన లొటారం. తనిఖీకి ముందురోజు అర తుడిచి, నిగనిగలాడేలా బూడిదరంగు పెయింటు పట్టించడం పొడిమావయ్యకి అలవాటు. గుడ్డతో తుడిస్తే చెక్క ఆరిపోయినట్టేనని ఆయన నమ్మకం. అలా తడి చెక్క మీద రెండేళ్లూ దళసరిగా వేశాడు.

"నీళ్లు దాన్నేం చేయలేదు బావా. పెయింటు వేసి తడిని లోపల పెట్టి మూసింది నువ్వే."

మార్చలేమా అని అడిగాడు. బావమరిది పక్క పలకల మీద కూడా అక్కడక్కడా గుచ్చి చూపించాడు. దూలాలు మార్చాలంటే పక్కచెక్కలు విప్పాలి, అవి విప్పితే పడవే మిగలదు. గొంతు తగ్గించి, చిల్లులకి లప్పం పెట్టి పెయింటు కొడితే కనపడదన్నాడు. ఆఫీసరు తుడిచి చూస్తాడే గానీ గుచ్చి చూడడు కదా. ఆపైన నీ ఇష్టం, అక్కకి నేనేమీ చెప్పనని వెళ్లిపోయాడు.

బుధవారం పొడిమావయ్య లప్పం పెట్టాడు. పెయింటు కూడా వేశాడు.

గురువారం ఆఫీసరు వచ్చి, మూత ఎత్తించి, జేబురుమాలుతో అడుగు తుడిచి చూశాడు. రుమాలు తెల్లగానే ఉంది. రేవులో మిగతావాళ్లు ఈయన్ని చూసి నేర్చుకోవాలన్నాడు. రేవు మెట్ల మీద డ్యూటీకి వెళ్లే నర్సు, ఫ్యాక్టరీవాళ్లు, టిఫిన్ డబ్బాలతో ఎదురుచూస్తున్నారు. ఓసారి ఇంజను వేసి చూపించమన్నాడు ఆఫీసరు. వేశాడు. శబ్దం బాగానే ఉంది. కానీ కాలికింద ఏదో కదిలింది. ఇంజను తన మంచం మీద తాను దొర్లుతున్నట్టు, ఇరవై ఏళ్లు ఆ చెక్కల మీద నిలబడ్డ పాదానికి మాత్రమే తెలిసేంత.

ఆఫీసరు ముద్రడబ్బా తెరిచాడు.

పొడిమావయ్య ఇంజను ఆపాడు. పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసి, వంగి, నిన్న తను నున్నగా పూసిన చోటే నొక్కాడు. పిడిదాకా దిగింది. దాన్ని అలాగే వదిలేసి నిలబడ్డాడు.

ఆఫీసరు ఆ పిడినే చూశాడు. కోపం రాలేదు. ముద్రడబ్బా మూసేశాడు.

"ఇది నాకెందుకు చూపించావయ్యా?" అన్నాడు నెమ్మదిగా.

పుస్తకంలో ఏదో రాసి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. పడవ ఆగిపోయిందని బోర్డు పెట్టించడానికి వారం పడుతుందట. అందాకా వచ్చినవాళ్లకి చెప్పడానికి ఎవరూ లేరు, పొడిమావయ్య తప్ప. ఆయన మెట్ల మీదికి వచ్చి, ఇక పడవ లేదని, రోడ్డు మీద వెళ్లాలని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఈరోజుకేనా అని అడిగినవాళ్లకి కాదని చెప్పాడు. కొందరు గొణిగారు, కొందరు తిట్టారు, ఒకడు మరి నీ పొడి ఏమైంది మావా అని నవ్వాడు.

నర్సు గడియారం చూసుకుంది. ఇప్పుడు బస్సెక్కినా ఆవిడ గంట ఆలస్యం.

"ఈ మాట నిన్నే చెప్పొచ్చు కదండీ?" అంది.

చెప్పొచ్చు. ఆయన తల ఊపాడు. ఆవిడ బస్టాపు వైపు పరుగులాంటి నడకతో వెళ్లింది. వెనకనుంచి ఇంకో నలుగురు డబ్బాలతో మెట్లు దిగుతూ వస్తున్నారు. వాళ్లకి ఎదురెళ్లాడు.