ఓబులేసు కాలికి కట్టిన తాడు

కోడిగుడ్ల అట్టల వాసన నాకు పడదు. దమ్మామ్‌లో ఇరవై ఏళ్ళకు పైగా సంసారం చేస్తున్నాను, ముప్పై గుడ్ల అట్టను ఒక్కసారి కూడా గడప దాటనివ్వలేదు. దుకాణంలోనే గుడ్లు ఒక్కొక్కటే డబ్బాలోకి మార్చుకుని అట్టను అక్కడే వదిలేసి వస్తాను, గల్లా దగ్గరి అబ్బాయి నన్ను చూసి ముసిముసిగా నవ్వుతాడు. నవ్వుకోనీ. అలాంటిది మొన్న శుక్రవారం నరసింహులు మామ కొడుకు ఫ్లాటుకు పోయి లోపలి గది తలుపు తోస్తే, నాలుగు గోడలకూ అవే బూడిదరంగు అట్టలు వరసలు వరసలుగా అంటించి ఉన్నాయి. నానిన కాగితం, ఎండిపోయిన సొన, కోడిరెట్ట కలిసిన కంపు గుప్పున కొట్టింది. "రూమ్‌లో ఎకో రాకుండా ఆంటీ, పాత స్టూడియో ఫీల్ కూడా వస్తుంది," అన్నాడు ఆ పిల్లవాడు శ్రీకాంత్, గొప్పగా. తొమ్మిదేళ్ళ వయసులో రెండు రోజులు అచ్చం అలాంటి గదిలోనే కూర్చుని పాడాను నేను.

మాది కదిరి పక్కన చిన్న ఊరు. అక్కడ ఒక జానపద మేళం ఉండేది. గొంతు నరసింహులు మామది, హార్మోనియం మా అబ్బది, అంటే మా నాన్నది, డోలు సుబ్బన్నది, డప్పు ఓబులేసుది, వంత పాడేది నేను. ఊళ్ళో పేరున్న మేళమే. చెనిక్కాయలు ఒలిచే కాలంలో ఆడవాళ్ళు వసారాల్లో కూర్చుని, ఒడి నిండా పొట్టు పోసుకుని, మా పాటలే పాడుకునేవాళ్ళు. పిల్లలం అచ్చనగాయలు ఎగరేస్తూ ఆ పాటల వరసలోనే లెక్క పెట్టుకునేవాళ్ళం. రాగి సంగటి గెలికే తెడ్డు చప్పుడు కూడా నాకు ఆ తాళంలోనే వినపడేది. ఇక పీర్ల పండగ వచ్చిందంటే ఆ పది రోజులూ ఊరంతా ఓబులేసుదే. గుండంలో మొద్దులు భగభగా మండుతుంటే ఆయన డప్పును ఆ సెగకు చూపించి, తోలు కాగిందా లేదా అని బొటనవేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ కాచి, మళ్ళీ మీటి, ఆఖరికి ఒక్క దెబ్బ కొట్టాడంటే, మలీద ముద్దలు చేతుల్లో పట్టుకుని తింటున్న పిల్లలం నోళ్ళు అట్లాగే తెరుచుకుని పరుగెత్తేవాళ్ళం. అప్పుడు ఆయనను దూరం జరగమన్నవాడు లేడు. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు కూడా పంచెలు ఎగ్గట్టి ఆయన చుట్టూ చిందులేసేవాళ్ళు, ఆయన చెమట వీళ్ళ మీద చిందినా తుడుచుకునేవాళ్ళు కారు. కాగిన తోలు వాసన మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఒక ఎండాకాలం మా పాటలు క్యాసెట్టుగా వేస్తామని అనంతపురం నుంచి కబురొచ్చింది. ఊరు ఊరంతా బస్సు దాకా వచ్చి సాగనంపింది. మా అమ్మ ఓళిగలు చేసి గుడ్డలో మూటగట్టింది, నాకు రంజాను నాటి జరీ గౌను తొడిగింది. తీరా పోయి చూస్తే స్టూడియో అన్నది ఒకాయన సొంత మిద్దెలో వెనక గది. గోడల నిండా గుడ్ల అంగడి నుంచి తెచ్చి, కడగకుండా, తుడవకుండా మేకులు కొట్టిన అట్టలు. వాటి గుంతల్లో పగిలిన గుడ్ల సొన పసుప్పచ్చగా గట్టిపడి, దానికి చీమలు పట్టి, ఎక్కడో ఒక ఈక అంటుకుని. కిటికీకి తడిసి ఎండిన కంబళి. రికార్డింగు మొదలైతే ఫ్యాను ఆపాలి, తలుపు మూయాలి. మా అబ్బ గడ్డం మీంచి చెమట హార్మోనియం మెట్ల మీదికి టపటపా రాలుతుంటే, నరసింహులు మామ చరణానికీ చరణానికీ మధ్య గొంతు గీరి గీరి డాల్డా డబ్బాలోకి వక్కాకు ఉమ్మేవాడు. ఆ డబ్బా నా మోకాలి పక్కనే ఉండేది. థూ! ఇప్పుడు రాస్తుంటే కూడా రోతగానే ఉంది.

కానీ అసలు రోత అది కాదు. మేము గదిలోకి పోవాలంటే ఇంటి నడవలోంచి, దేవుడి గది ముందు నుంచి పోవాలి. ఇంటాయన మమ్మల్ని ఒక్కొక్కరినే పోనిచ్చి, ఓబులేసు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు. "డప్పు మోతకు మైకు తట్టుకోదు. వాన్ని పెరట్లో కూకోబెట్టండి," అన్నాడు. డోలు మోతకు తట్టుకున్న మైకే! మావాళ్ళు లోపల వాయిద్యాలు సర్దుకోవడంలో పడ్డారు. ఓబులేసు సందులోంచి చుట్టూ తిరిగి పెరట్లోకి పోయాడు, వెనక గోడ పక్కన పాత పందిరి గుంజ ఉన్న చోట కూర్చున్నాడు. మధ్యాహ్నం ఓళిగలు పంచేటప్పుడు, "ఇప్పుడు డప్పు కొట్టడం ల్యా గదా అబ్బా, ఓబులేసు మామ తినేదానికి లోపలికి రాడా?" అని అడిగాను. మా అబ్బ నా తొడ మీద గిల్లి, "చుప్," అన్నాడు. గిల్లిన చోట ఎర్రగా కమిలింది, గౌను ఎత్తి ఎవరికీ చూపించలేకపోయాను.

తలుపులు మూస్తే ఓబులేసుకు లోపలి పాట వినపడదు, ఆయన డప్పు ఎప్పుడు అందుకోవాలో తెలియదు. నాలుగుసార్లు తప్పింది, నాలుగుసార్లూ మొదటికొచ్చింది. ఇంటాయన విసుక్కుంటున్నాడు. అప్పుడు ఉపాయం చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. ఆ సెలవుల్లో మేము అగ్గిపెట్టెలకు దారం కట్టి ఫోను ఆట ఆడుకునేవాళ్ళం. "ఓబులేసు మామ కాలికి తాడు కట్టి పెరటి తలుపు కింద నుంచి లాగుదాం," అన్నాను. "అబ్బ! ఏం బుర్ర పాపా నీది!" అని అందరూ నన్ను ముద్దు చేశారు. జనపనార తాడు తెచ్చి ఒక కొన ఆయన చీలమండకు కట్టారు, ఇంకో కొన నా చేతికిచ్చారు. డప్పు రావాల్సిన చోట ఒక్క లాగు, ఆపాల్సిన చోట రెండు. ఆ తాడు మొదటి రోజంతా నా చేతిలో ప్రాణమున్నదానిలా ఆడింది. నేను లాగితే ఆయన కాలు ఇటు కదిలేది, ఆయన కాలితో తాళం వేస్తే నా వేళ్ళకు తెలిసేది.

భోజనాలయ్యాక నరసింహులు మామ వక్కాకు నములుతూ, "పాపా, ఉత్తగా ఒకసారి లాగు సూద్దాం," అన్నాడు. లాగాను. బైట మిట్టమధ్యాహ్నపు ఎండలో, పాట లేదు, మైకు లేదు, డప్పు మోగింది. అందరూ పడీపడీ నవ్వారు. మళ్ళీ లాగాను, మళ్ళీ మోగింది. మూడోసారి ఎవరూ చెప్పకుండానే లాగాను, నాకూ బలే సరదాగా ఉంది. సుబ్బన్న నవ్వుతూ డోలు మీద వాలిపోయాడు. మా అబ్బ కూడా నవ్వాడు. అప్పుడు పెరటి తలుపు ఓరగా తెరిచే ఉంది, ఆ నవ్వు పెరట్లోకి వినపడకుండా ఎలా ఉంటుంది? నాలుగోసారి లాగితే డప్పు మోగలేదు. ఎందుకో నా మొహం మాడింది, తాడు వదిలేశాను.

రెండో రోజు పెరటి వైపు పోవడానికి నాకు మొహం చెల్లలేదు. గదిలోంచే తాడు అందుకున్నాను. తాడు బిర్రుగా ఉంది, ఎంత లాగినా ఇటు జరగదు, అటు నుంచి తాళం రాదు. అలిగి కాలు బిగబట్టుకున్నాడేమో అనుకున్నాను. కానీ డప్పు మాత్రం ఒక్క చోట కూడా తప్పలేదు. మొదటి రోజు సగం పాటలే అయితే, ఆ రోజు మిగిలినవన్నీ తిరిగి చూసుకునే పని లేకుండా అయిపోయాయి. ఇంటాయన నా బుగ్గ గిల్లి, "ఈ పాపదీ తాళమంటే!" అన్నాడు. క్యాసెట్టు అట్ట మీద అందరి పేర్లూ అచ్చయ్యాయి, ఆఖర్న 'వంత: బేబి రజియా' అని నాదీ అచ్చయింది. ఓబులేసు పేరు లేదు. ఆ అట్ట దిండు కింద పెట్టుకుని పడుకున్నదాన్ని నేను, ఆ పేరు లేదని అప్పుడు నాకు కనపడనే లేదు.

దానికన్నా సిగ్గుచేటు ఇంకొకటి ఉంది. ఆ తాడు కథను నేను నలభై ఏళ్ళుగా అందరికీ చెప్పి నవ్వించాను. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో చెప్పాను, ఇక్కడ మన ఆడవాళ్ళు ఇఫ్తారులకు కలిసినప్పుడు చెప్పాను, నా తాళం గురించి గొప్పలు పోయాను. కాలికి తాడు కట్టించుకున్న మనిషికి కూడా ఒక ఇల్లూ పిల్లలూ ఉంటారని తోచనే లేదు నాకు.

మొన్న ఫ్లాటులో నరసింహులు మామ నన్ను చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. విజిట్ వీసా మీద వచ్చాడు, డెబ్బై దాటాయి. "రా పాపా, రా! మేళంలో మిగిలింది మనమిద్దరమే గదమ్మా," అన్నాడు. పాత క్యాసెట్టు పాటలు శ్రీకాంత్ ఇదివరకే నెట్‌లో పెట్టాడు. వాటిని మళ్ళీ పాడి, మధ్యమధ్య ఆనాటి కబుర్లు చెప్పి, ఫోనులో తీసి అక్కడే పెట్టాలని వాళ్ళ ఆలోచన. "తాడు కథ నువ్వే చెప్పల్ల. జనం పొట్టలు పగిలేట్టు నవ్వల్ల," అన్నాడు. అప్పుడు చూశాను, బాల్కనీ అద్దం తలుపుకు అవతల ఎవరో కింద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో డప్పు. ఎవరని అడిగితే శ్రీకాంత్ హుషారుగా, "ఓబులేసు కొడుకు ఆంటీ, సుంకన్న! పోర్టు పక్క గోదాములో లోడింగ్ పని. ఊరి గ్రూపులో అడిగి పట్టుకున్నా. దూరం నుంచి వినిపించే ఆ డప్పు ఎఫెక్టే మన హైలైట్, కామెంట్లన్నీ దాని గురించే. అందుకే బైట పెట్టాం," అన్నాడు.

ఛీ! ఒళ్ళంతా కంపరం పుట్టింది. లోపల మేము చల్లగా, మంచినీళ్ళ సీసాలు ముందు పెట్టుకుని; బైట ఏసీ డబ్బా కక్కే వేడిగాలి సుంకన్న మొహాన కొడుతోంది. ఈ కథ ఇప్పుడు వాడిని బైట ఉంచి చెప్పి నవ్వాలి నేను. అద్దం తలుపు జరిపి బైటికి పోయి వాడి పక్కన కూర్చున్నాను.

"నేనెవరో తెలుసా సుంకన్నా?"

"తెల్సక్కా. తాడు లాగే పాప గదా. నాయిన ఆ ముచ్చట శానా సార్లు చెప్తాండె."

"ఏమని?"

వాడు డప్పు మీద దుమ్ము తుడుస్తూ నెమ్మదిగా చెప్పాడు. "మొదటి దినం లోపల నగినారంట గదక్కా. రెండో దినం నాయిన తాడు ఇప్పేసి గుంజకు కట్టినాడంట. ఈపు గోడకు ఆనిచ్చుకుని కూకుంటే లోపల డోలు కొట్టేది ఎముకలకు తెలుస్తాండెనంట. ఆ లెక్కన కొట్టినాడు. పోయేదాంక అదే చెప్పి నగుతాండె. 'వాళ్ళు గుంజను లాగుతా కూకున్నార్రా,' అని."

నవ్వింది ఎవరు, ఎవరిని చూసి?

లోపలికొచ్చి ఫోను ముందు కూర్చున్నాను, వాళ్ళు అడిగిన కథే చెప్పాను. మధ్యాహ్నం ఉత్తగా లాగిన దగ్గర మామ కిలకిలా నవ్వాడు. ఆగకుండా గుంజ సంగతీ చెప్పాను. మామ నవ్వు సగంలో నిలిచిపోయింది. "అట్ల కాదులే పాపా... నువ్వు లాగబట్టే గదా వాడు..." అని నసిగాడు. శ్రీకాంత్ రికార్డింగు ఆపి, "ఈ లాస్ట్ పార్ట్ కట్ చేద్దాం ఆంటీ, ఫన్ పోతోంది," అన్నాడు.

"ఫన్ పోతుందా నాయనా? నా గొంతు కావాలంటే సుంకన్న లోపలికొచ్చి మన మధ్య కూర్చోవాలి, పాటకు ముందు ఓబులేసు పేరు చెప్పాలి. కాదంటే నేను పాడను."

"డప్పు లోపలికొస్తే ఆ ఎఫెక్ట్ పోతుంది గదా ఆంటీ," అన్నాడు శ్రీకాంత్ చాలా మర్యాదగా. మామ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. సుంకన్న కూడా డప్పు సంచిలో పెట్టుకుని నాతోబాటే లిఫ్టు దిగాడు, మా ఆయన బండిలో వాడిని కూలీల క్యాంపు దగ్గర దింపేశాం.

ఆ మిద్దె ఇప్పుడు లేదంట, కొట్టేసి బట్టల దుకాణం కట్టారు. మా అబ్బ లేడు, సుబ్బన్న లేడు, ఓబులేసు లేడు. సుంకన్న డప్పుకు తోలు కూడా లేదు, ప్లాస్టిక్ పొర. కాచే పని లేదు, వాసనా లేదు. చేయి అడ్డం పెట్టి ఒకడిని గడప బైట ఆపడం మాత్రం సముద్రం దాటి మాతోబాటు వచ్చి దమ్మామ్‌లో అద్దం తలుపు పెట్టించుకుంది. ఆ రాత్రి వంటింట్లో నిలబడి ఆ పాత పాట ఒకటి ఫోనులో పెట్టుకున్నాను, రెండో రోజుది. దూరంగా, గోడకు అవతల నుంచి, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా డప్పు వచ్చింది. అలవాటుగా నా కుడి చెయ్యి సరిగ్గా ఆ చోట పిడికిలి బిగించి ఇటు లాగింది. నలభై ఏళ్ళు నాదని చెప్పుకున్న తాళం అది. నేను లాగింది గుంజను.